ఇంటర్ నుంచి ఇంజనీరింగ్ సీటు దాకా: అనంతపురం, కర్నూలు, కడప విద్యార్థులు ఏ పని ఎప్పుడు చేయాలి

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పరీక్షలు ముగిసిన రోజు నుంచి ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి తరగతికి కూర్చునే రోజు వరకు కొన్ని నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో ఇంట్లో ర్యాంకు గురించి జరిగినంత చర్చ, ర్యాంకు వచ్చిన తరువాత చేయవలసిన పనుల గురించి జరగదు. దాదాపు ఒకే ర్యాంకు తెచ్చుకున్న ఇద్దరిలో ఒకరు అనంతపురం జేఎన్‌టీయూ కళాశాలలో చేరితే, మరొకరు కౌన్సెలింగ్ నాటి వరకు పేరు కూడా వినని కళాశాలలో చేరడం అధ్యాపకుడిగా నేను పలుమార్లు చూశాను. తేడా ఎక్కడ వచ్చిందని వెనక్కి వెళ్లి చూస్తే, చాలాసార్లు అది రెండే చోట్ల కనిపించింది. ఒకటి ఏ ఏడాది ఎక్కడ చదివామో చెప్పే స్టడీ సర్టిఫికెట్ల కట్ట, రెండోది కౌన్సెలింగ్‌లో కావలసిన కళాశాలలను ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్ల వరుస. అందుకే మిగిలిన దశలను క్లుప్తంగా చెప్పి, ఈ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా, ఏ కళాశాలకు ఏ పరీక్ష

మన రాష్ట్రంలోని ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ సీట్లకు ఈఏపీసెట్ రాయాలి. 2021లో పేరు మారినా మన ఊళ్లలో ఇప్పటికీ దానిని ఎంసెట్ అనే పిలుస్తారు. అనంతపురం, పులివెందుల, కలికిరిలలోని జేఎన్‌టీయూ కళాశాలలు, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, మూడు జిల్లాల్లోని ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు అన్నీ దీని కిందికే వస్తాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కూడా 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, ఈ ర్యాంకుతోనే నింపుతారన్న సంగతి చాలామందికి తెలియదు.

కర్నూలు జగన్నాథగట్టు మీద ఉన్న ట్రిపుల్ ఐటీడీఎం సంగతి వేరు. అది కేంద్ర సంస్థ కనుక జేఈఈ మెయిన్ ర్యాంకుతో, కేంద్ర విద్యాసంస్థల ఉమ్మడి కౌన్సెలింగ్ అయిన జోసా ద్వారానే సీటు వస్తుంది. గట్టు కింద ఇల్లున్నా స్థానికుడన్న లెక్క అక్కడ లేదు. తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీలో మాత్రం సగం సీట్లు మన రాష్ట్రం వారికి ఉంటాయి. ఈ సంస్థల్లో చేరాలంటే జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం మార్కులు గాని, బోర్డులో పైనున్న 20 శాతం మందిలో స్థానం గాని ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 65 శాతం చాలు. అనంతపురం జిల్లాలోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదవాలంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. వైద్య విద్యకు నీట్ తప్పదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోగా మిగిలినవి రాష్ట్ర కోటాలో ఉంటాయి, వాటికి ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి మళ్లీ ప్రత్యేకంగా దరఖాస్తు చేసుకోవాలి. నీట్ రాస్తే చాలు, సీటు దానంతటదే వస్తుందనుకుని ఆ దరఖాస్తు గడువు దాటబెట్టుకున్నవారు ఉన్నారు. ఇంట్లో పదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పదో తరగతి ఫలితాలు రాగానే పెట్టాలని, ఇంటర్ అయ్యాక ఆ తలుపు మూసుకుపోతుందని ఇప్పుడే చెప్పిపెట్టండి.

ఇంటర్ మార్కులను చిన్నచూపు చూడకండి

ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలు ఉంటాయి. గణితానికి 80, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 40. తప్పు రాసినా మార్కు తగ్గదు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. అర్హతకు 40 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస పరిమితి లేదు. అయితే ర్యాంకు ఈ మార్కులతో మాత్రమే తేలదు. పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి రెండూ కలుపుతారు. ఒక చిన్న లెక్క చూడండి: ఇంటర్ గ్రూపులో 80 శాతం వచ్చినవారికి వెయిటేజీలో 20 వస్తే, 90 శాతం వచ్చినవారికి 22.5 వస్తుంది. ఆ రెండున్నర పాయింట్లను పరీక్షలో సంపాదించాలంటే 160కి సుమారు ఐదు మార్కులు అదనంగా తెచ్చుకోవాలి. ర్యాంకుల పట్టిక మధ్యలో ఐదు మార్కుల దూరంలో వేల మంది నిలబడి ఉంటారు కనుక, ఎంసెట్ కోచింగ్ పేరుతో ఇంటర్ పుస్తకాలను పక్కన పెట్టడం నష్టమే. సీటుకు ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో కనీసం 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉండాలి. ఒక సబ్జెక్టు తప్పినవారు సప్లిమెంటరీలో గట్టెక్కితే అదే ఏడాది కౌన్సెలింగ్‌కు రావచ్చు. సీబీఎస్ఈ, ఓపెన్ స్కూలు వంటి ఇతర బోర్డుల వారు తమ మార్కులను కన్వీనర్‌కు విడిగా అందజేయకపోతే ర్యాంకు కేటాయించరు. ఆ ప్రకటన వెలువడిన రోజే పని ముగించండి.

స్టడీ సర్టిఫికెట్లు: పరీక్షలకు ముందే చేయవలసిన పని

ఇక్కడ కాస్త ఓపికగా చదవండి. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రవేశాల కోసం మన రాష్ట్రాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ (ఎస్వీయూ) ప్రాంతం అని రెండుగా చూస్తారు. పాత అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు రెండో దానిలో ఉంటాయి. 2022లో జిల్లాలు విడిపోయి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య వంటి కొత్త పేర్లు వచ్చినా ఈ లెక్కకు పాత హద్దులే చూసుకోవాలి. నంద్యాలకు దగ్గరగా ఉన్నా గిద్దలూరు పాత ప్రకాశం జిల్లాలోది కనుక ఆంధ్రా ప్రాంతం కిందికి పోతుంది. ప్రతి కళాశాలలోనూ కన్వీనర్ కోటాలోని 85 శాతం సీట్లు ఆ ప్రాంతపు స్థానికులకు కేటాయిస్తారు. మిగిలిన 15 శాతానికి అందరూ పోటీపడతారు.

మీరు స్థానికులా కాదా అన్నది మీ సొంత ఊరును బట్టి గాని, ఆధార్‌లోని చిరునామాను బట్టి గాని తేలదు. మీరు ఎక్కడ చదివారన్నదే చూస్తారు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు, ఒకే ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికి స్థానికులు. అలా కుదరనప్పుడు, రాష్ట్రంలోనే చదివిన చివరి ఏడేళ్లు, అంటే 6 నుంచి ఇంటర్ దాకా చూసి, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి స్థానికులుగా లెక్కిస్తారు.

కొన్నేళ్ల కిందట ధర్మవరం నుంచి ఒక అమ్మాయి తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. పదో తరగతి దాకా ధర్మవరంలోనే చదివి, ఇంటర్ విజయవాడలో చదివింది. “మా పాప నాన్‌లోకల్ అయిపోయిందంట సార్, ఇక జేఎన్‌టీయూ రాదంట” అని ఆ తండ్రి దిగాలుగా చెప్పాడు. ఎవరో బస్సులో అన్న మాట అది. చివరి నాలుగేళ్లలో రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ అయ్యాయి కనుక నాలుగేళ్ల లెక్క కుదరదు. ఏడేళ్ల లెక్కకు పోతే 6 నుంచి 10 వరకు ఐదేళ్లు మన ప్రాంతం, రెండేళ్లు ఆంధ్రా ప్రాంతం. కాబట్టి ఆమె ఎస్వీయూ ప్రాంతానికి స్థానికురాలే. అయితే దానిని నిరూపించడానికి ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఉండాలి, ఆమె దగ్గర ఇంటర్‌వి, పదో తరగతిది మాత్రమే ఉన్నాయి. ఆరు, ఏడు తరగతులు చదివిన ప్రైవేటు బడి అప్పటికే మూతపడింది. మండల విద్యాశాఖాధికారి కార్యాలయం చుట్టూ తిరిగి, పాత రిజిస్టర్లు వెతికించి, గడువుకు ఒక రోజు ముందు కాగితం చేతికి తెచ్చుకున్నారు. అదే పని జనవరిలో చేసుకుని ఉంటే ఒక్క పూటతో ముగిసేది.

కాబట్టి ఇంటర్ రెండో సంవత్సరం సంక్రాంతి నాటికే ఆరో తరగతి నుంచి చదివిన ప్రతి బడికీ వెళ్లి స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. అందులో మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందూ మెమోలో వెనుకా ఉండటం, “రెడ్డి”, “నాయక్”, “బీ” వంటి చివరి మాటలు ఒకచోట ఉండి మరొకచోట లేకపోవడం మన జిల్లాల్లో సర్వసాధారణం. పదో తరగతి మెమోను మార్చడం కష్టం, ఆధార్‌ను మార్చడం తేలిక కనుక మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను సరిచేయించండి.

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు సుగ్గికి, అంటే పనుల కోసం వలస, పోయే కుటుంబాల పిల్లలకు మధ్యలో ఒక ఏడాది బడి లేకుండా పోయి ఉండవచ్చు. ఏ బడిలోనూ చదవని కాలానికి ఆ ప్రాంతంలోనే నివసించారని తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం పనికివస్తుంది. ఖాళీ ఉందని భయపడి చదవని బడి పేరుతో సర్టిఫికెట్ పుట్టించుకోవద్దు. తనిఖీలో దొరికితే సీటే పోతుంది.

రాయదుర్గం వైపు నుంచి బళ్ళారికి, హిందూపురం, కదిరి నుంచి బెంగళూరుకు, కర్నూలు నుంచి హైదరాబాద్‌కు చదువుల కోసం పోయినవారి పరిస్థితి ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. చివరి నాలుగేళ్లూ రాష్ట్రం బయట చదివితే 85 శాతం కోటా దక్కదు. అప్పుడు 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు పోటీపడాలి, దానికి కూడా విద్యార్థి గాని, తల్లిదండ్రులలో ఒకరు గాని రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించినట్లు తహసీల్దారు ధ్రువపత్రం కావాలి. రాష్ట్రం బయట విద్యార్థి చదివిన కాలం, తల్లిదండ్రులు ఉద్యోగం చేసిన కాలం ఆ పదేళ్లలోకి రావు. కొన్నేళ్లు ఇక్కడ, కొన్నేళ్లు అక్కడ చదివినవారు ఆ ఏటి కౌన్సెలింగ్ ప్రకటనలోని స్థానికత భాగాన్ని స్వయంగా చదవండి. కొన్నేళ్ల కిందట అన్నయ్యకు ఏమైందన్నది ఇక్కడ ఆధారం కాదు, ఎందుకంటే రెండు తెలుగు రాష్ట్రాల ప్రవేశాలకు పాత కోటాలనే కొనసాగించిన, రాష్ట్ర విభజన తరువాతి పదేళ్ల ఏర్పాటు 2024లో ముగిసింది.

కులం, ఆదాయం, ఈడబ్ల్యూఎస్

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు గ్రామ, వార్డు సచివాలయంలో గాని మీసేవలో గాని దరఖాస్తు చేయవచ్చు. ఇవి మే, జూన్ నెలల్లో అందరూ ఒక్కసారిగా అడిగే కాగితాలు కనుక మార్చి లోపలే చేతిలో ఉంచుకోవడం మేలు.

బీసీ విద్యార్థులు ఒక విషయం గుర్తించాలి. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. ఈఏపీసెట్‌కు పనికివచ్చే కుల ధ్రువపత్రం జేఈఈకి, నీట్ అఖిల భారత కోటాకు పనికిరాదు. అక్కడ కేంద్ర నమూనాలో తీసుకున్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం, అది కూడా ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నది అడుగుతారు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకుని దరఖాస్తులో కేటగిరీ నింపండి.

ఇతర రిజర్వేషన్లు లేని ఓసీ కుటుంబాల్లోని పేదలకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం కూడా ఆ ఏడాదిదే ఉండాలి. కేంద్ర సంస్థల కోసం తీసుకునేటప్పుడు కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండటంతో పాటు, సాగుభూమి 5 ఎకరాలకు తక్కువ ఉండాలన్న నిబంధన కూడా ఉంది. కళ్యాణదుర్గం వైపు పదెకరాల మెట్ట ఉన్నా వానలు మొహం చాటేస్తే విత్తన వేరుశనగ ఖర్చు కూడా రాదు. ఆ నిబంధన మాత్రం మెట్టకూ మాగాణికీ తేడా చూడదు. బాధగా ఉన్నా, నిజం దాచి ధ్రువపత్రం తీసుకోవడం కన్నా ఓసీగా పోటీపడటమే క్షేమం.

కళాశాలలను చూడటానికి కాలేజీ వాళ్ల మాట మీద ఆధారపడకండి

ఈఏపీసెట్ పరీక్షకూ కౌన్సెలింగ్‌కూ మధ్య కొన్ని వారాల విరామం దొరుకుతుంది. ఆ విరామంలో ఫోన్లు మొదలవుతాయి. కళాశాలల పీఆర్‌ఓలు ఇంటికే వచ్చి, బస్సు ఉచితమని, లాప్‌టాప్ ఇస్తామని, “ఆప్షన్లు మేమే పెడతాం, హాల్‌టికెట్ నంబరు ఇవ్వండి చాలు” అని చెబుతారు. మంచి మాటలతో పంపించండి గాని, హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏవీ ఇవ్వవద్దు.

మీరు వేసవి సెలవుల్లో కాక కళాశాల నడుస్తున్న రోజున వెళ్లండి. పాఠాలు జరుగుతున్న రోజున ప్రయోగశాల తాళం తీసి ఉందా, లైబ్రరీలో పిల్లలు కూర్చుని ఉన్నారా, ఒక్కో విభాగంలో ఎందరు అధ్యాపకులు ఉన్నారన్నది గంటలో కంటికి కనబడుతుంది. క్యాంటీన్ దగ్గర రెండో సంవత్సరం పిల్లలను పలకరిస్తే బ్రోచర్‌లో లేని విషయాలన్నీ దొరుకుతాయి. న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి వస్తుంది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా వస్తుంది. మీరు చేరబోయే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, దాని గడువు ఇంకా మిగిలి ఉందా అని అడగండి. ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలో 400 ఉద్యోగాలని రాసి ఉంటే, ఎంతమంది పిల్లలకు అని అడగండి. ఒకే విద్యార్థికి మూడు కంపెనీలు ఆఫర్ ఇస్తే అది మూడుగా లెక్కపడటం మామూలే.

బ్రాంచి గొప్పదా, కళాశాల గొప్పదా అన్న చర్చకు నా జవాబు చాలామంది తల్లిదండ్రులకు నచ్చదు. అనంతపురంలోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల 1946లో మొదలైనది. అలాంటి చోట సివిల్ గాని మెకానికల్ గాని చదవడం, నాలుగు గదుల్లో కొత్తగా పెట్టిన కళాశాలలో కృత్రిమ మేధ అన్న పేరు తగిలించిన కంప్యూటర్ కోర్సు చదవడం కన్నా తక్కువ అని నేను అనుకోను. ప్రోగ్రామింగ్ మీద ఇష్టం ఉన్నవారు ఏ బ్రాంచిలో ఉన్నా దానిని నేర్చుకోగలరు గాని, చెప్పే అధ్యాపకుడు లేని చోట బ్రాంచి పేరు చదువు చెప్పదు. నిర్ణయం మీదే, కాని కనీసం రెండు కళాశాలల మెట్లెక్కి చూసిన తరువాత తీసుకోండి.

రిజిస్ట్రేషన్, తనిఖీ

కౌన్సెలింగ్ ప్రకటన రాగానే ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి. ఇటీవలి సంవత్సరాల్లో ఓసీ, బీసీలకు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు తీసుకుంటున్నారు. చాలామంది వివరాలను ప్రభుత్వ డేటాతో ఆన్‌లైన్‌లోనే సరిచూస్తారు. మీ వివరాల్లో ఏదైనా తేలలేదని చూపితే కాగితాలు అప్‌లోడ్ చేసి, దగ్గరలోని హెల్ప్‌లైన్ కేంద్రాన్ని సంప్రదించండి. సాధారణంగా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో ఈ కేంద్రాలు పెడతారు. ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగ, మాజీ సైనికుల పిల్లల కోటాలవారు మాత్రం ఒరిజినల్స్‌తో విజయవాడ వెళ్లవలసి ఉంటుంది. తేదీ ప్రకటనలోనే ఉంటుంది, రైలు టికెట్ ముందే చూసుకోండి.

తనిఖీ పూర్తయ్యాక తెరపై కనిపించే మీ కేటగిరీ, స్థానిక ప్రాంతం, లింగం, ఆదాయం వివరాలను ఒక్కొక్కటిగా చదవండి. “ఎస్వీయూ” అని ఉండవలసిన చోట “నాన్‌లోకల్” అని ఉంటే ఆప్షన్లు పెట్టే దాకా ఆగకుండా ఆ రోజే ఫిర్యాదు చేయాలి.

వెబ్ ఆప్షన్లు: ర్యాంకును బట్టి కాదు, ఇష్టాన్ని బట్టి

సీట్ల కేటాయింపు ఎలా జరుగుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ మొదటి ఆప్షన్‌లో మీకు వర్తించే సీటు మిగిలి ఉందా అని చూస్తుంది. ఉంటే అది మీకు ఇచ్చి అక్కడితో ఆగిపోతుంది, కిందనున్న ఆప్షన్లను చూడదు. లేకపోతే రెండోది, తరువాత మూడోది చూస్తుంది. కాబట్టి అందని ద్రాక్ష అనిపించే కళాశాలను మొదట పెట్టినందువల్ల కింద ఉన్న సీటు చేజారదు. అదే, “వస్తే చాలు” అనుకున్న కళాశాలను పైన పెడితే, దానికన్నా మంచిది మీ ర్యాంకుకు వచ్చేదైనా ఇక రాదు. తాడిపత్రి అబ్బాయి ఒకడు ఇంటికి దగ్గరన్న ఒక్క కారణంతో ఒక కళాశాలను మొదట పెట్టి, పులివెందుల జేఎన్‌టీయూను ఏడో ఆప్షన్‌గా పెట్టాడు. అతని కన్నా వెనుక ర్యాంకు వచ్చిన స్నేహితుడికి పులివెందులలో అదే బ్రాంచి వచ్చింది. ఆ వేసవి అంతా ఆ ఇంట్లో అదే మాట.

ముందు కాగితం మీద రాసుకోండి. అధికారిక వెబ్‌సైటులో గత ఏడాది ఏ కళాశాలలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ముగిసిందో చూపే పట్టిక దొరుకుతుంది. అబ్బాయిలకు, అమ్మాయిలకు విడివిడిగా ఉంటుంది. ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలవి కనుక ఈ రెండు అంకెలు కొన్నిచోట్ల చాలా తేడాగా ఉంటాయి. అందులో మీ వరుసను మాత్రమే చూడండి. పక్కింటి అబ్బాయికి ఎంత ర్యాంకుకు వచ్చిందన్నది అతని కేటగిరీ వేరైతే మీకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

విజయవాడ, గుంటూరు, విశాఖ కళాశాలల వరుసలను చదివేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. అవి ఆంధ్రా ప్రాంతంలోవి కనుక సీమ విద్యార్థికి అక్కడ 15 శాతం వాటాలోనే చోటు. పట్టికలో కనిపించే చివరి ర్యాంకు చాలావరకు అక్కడి స్థానిక విద్యార్థిది. 40,000 దగ్గర ముగిసినట్లు కనిపించినా మీకు 40,000 ర్యాంకుతో అక్కడ సీటు వస్తుందని లెక్క వేసుకోకండి. అలాంటి కళాశాలలను పైన పెట్టడంలో తప్పు లేదు, కాని మొత్తం జాబితా వాటితోనే నింపితే చివరికి ఏ సీటూ రాకుండా పోతుంది. తిరుపతి, నెల్లూరు మన ప్రాంతంలోనే ఉన్నాయి కనుక అక్కడి కళాశాలలకు మీరు స్థానికులే.

నా అనుభవంలో మూడు భాగాల జాబితా బాగా పనిచేస్తుంది. పోయిన ఏటి చివరి ర్యాంకు మీ ర్యాంకు కన్నా ముందే ముగిసినా మీకు బాగా ఇష్టమైనవి పైన. మీ ర్యాంకుకు అటూ ఇటూ ఉన్నవి మధ్యలో. తప్పక వస్తాయనిపించేవి, కాని వస్తే నిజంగా చేరడానికి మీకు మనస్కరించేవి చివర. చేరడానికి ఇష్టం లేని కళాశాలను సంఖ్య పెంచడం కోసం పెట్టవద్దు, ఎందుకంటే వచ్చేది అదే కావచ్చు. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు కనుక పదికో పన్నెండుకో ఆపేయవలసిన అవసరం లేదు. యాభై, అరవై పెట్టినవారిని చూశాను, ఎవరూ నష్టపోలేదు.

నెట్ సెంటరులో కూర్చుని పెడుతున్నా వేళ్లు మీవై ఉండాలి. కళాశాలల కోడ్‌లు ఒకదానికొకటి పోలి ఉంటాయి, ఒకే యాజమాన్యం కింద రెండు మూడు కళాశాలలు ఒకే పేరుతో ఉంటాయి. సేవ్ చేసి, ప్రింటు తీసి, ఇంట్లో ఇంకొకరితో గట్టిగా చదివించుకుని, గడువులోపల తప్పులుంటే మార్చి, ఆ తరువాతే ఖరారు చేయండి. చివరి రోజు రాత్రి దాకా ఆగితే సైటు నెమ్మదించి చేతులు వణుకుతాయి. పని ముగియగానే లాగౌట్ అయి, పాస్‌వర్డు మార్చుకుని ఇంటికి వెళ్లండి.

సీటు వచ్చిన తరువాత

కేటాయింపు ఉత్తర్వు డౌన్‌లోడ్ చేసుకుని, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ జాయినింగ్ చేసి, చెప్పిన తేదీలోపల కళాశాలలోనూ హాజరు కావాలి. రెండింటిలో ఏది మానినా సీటు రద్దవుతుంది. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోవడం మీ హక్కు. టీసీ మాత్రం కళాశాలకు ఇవ్వవలసి వస్తుంది. అందుకే అన్నిటినీ ముందే స్కాన్ చేసి, ఐదారు సెట్ల జిరాక్సులు తీసి ఉంచుకోండి. జోసా గాని నీట్ గాని ఇంకా నడుస్తుంటే, అక్కడ సీటు వస్తే ఇక్కడ టీసీ ఎలా వెనక్కి వస్తుందో, ఫీజు ఎంత తిరిగి వస్తుందో చేరే రోజే రాతపూర్వకంగా అడగండి.

రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టే అవకాశం వస్తుంది. ఇక్కడ ఏటా కొందరు దెబ్బతింటారు. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి విడతలో వచ్చినది దానంతటదే రద్దవుతుంది, “పాతదే బాగుంది” అంటే ఎవరూ వినరు. కాబట్టి ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా ఇష్టమైనవి మాత్రమే రెండో విడతలో పెట్టండి. అవేవీ రాకపోతే పాత సీటు అలాగే ఉంటుంది. ఉన్నదానితో తృప్తిగా ఉంటే ఆప్షన్లు పెట్టకుండా ఊరుకోవడమే సరి. జోసాలో వచ్చిన సీటును ఖరారు చేసుకోవడానికో, ఇంకా మంచిదాని కోసం ఆగడానికో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు మాటలు ఉంటాయి, ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చి కలపకండి.

ఫీజు సంగతి

కన్వీనర్ కోటాలో చేరినవారికి మాత్రమే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలకు మించకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. ప్రైవేటు కళాశాలల్లో దాదాపు 30 శాతం సీట్లు యాజమాన్య కోటావి. వాటిలో చేరితే ఈ సాయం లేదు. “మేనేజ్‌మెంటులో చేరండి, రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాం” అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి రావడం మంచిది. డబ్బు ఎవరి ఖాతాలో, ఎప్పుడు జమ అవుతుందన్నది ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. బకాయి పడినప్పుడు కళాశాల మిమ్మల్ని ముందు కట్టమంటుందా, హాల్‌టికెట్ ఆపుతుందా అని సీనియర్లను అడిగి తెలుసుకోండి. ప్రభుత్వం నిర్ణయించిన ట్యూషన్ ఫీజు ఉత్తర్వులో ఉంటుంది. దానిపైన బస్సు, హాస్టల్, పరీక్ష, శిక్షణ, యూనిఫాం పేరుతో ఎంత వసూలు చేస్తారో నాలుగేళ్లకు కలిపి ఒక కాగితం మీద రాయించుకుని, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. నెలకు రెండు వేల బస్సు ఫీజు నాలుగేళ్లలో లక్షకు దగ్గరవుతుంది. ఆ లెక్క చూశాక హాస్టల్ ఉన్న ప్రభుత్వ కళాశాల అంత దూరంగా అనిపించదు.

డిగ్రీలో చేరదలచినవారికి ఓఏఎండీసీ అనే ప్రత్యేక ఆన్‌లైన్ విధానం ఉంది. పద్ధతి ఇలాగే ఉంటుంది, ప్రవేశ పరీక్ష మాత్రం ఉండదు, ఇంటర్ మార్కులే ఆధారం. 2023లో మూడు సబ్జెక్టుల బదులు ఒక్క మేజర్ (ప్రధాన) సబ్జెక్టుతో డిగ్రీ మొదలైంది కనుక, ఈ ఏటి ప్రకటన చూసుకుని, కళాశాల కన్నా ముందు మేజర్ సబ్జెక్టును ఎంచుకోండి. అనంతపురం ఆర్ట్స్ కళాశాల 1916 నాటిది, కర్నూలు సిల్వర్ జూబ్లీ కళాశాల 1972 నాటిది. ఈ రెండింటిలో మీ మేజర్‌కు ఎన్ని సీట్లున్నాయో చూసిన తరువాతే ప్రైవేటు డిగ్రీ కళాశాలల వైపు పోండి. ఇంజనీరింగ్ సీటు కోసం ఎదురుచూస్తున్నా ఇక్కడ రిజిస్ట్రేషన్ చేసి ఉంచుకోవడానికి అడ్డేమీ లేదు. ఈ రెండు కౌన్సెలింగ్‌ల తేదీలను ఒకే క్యాలెండర్ మీద రాసి, ఇంట్లో అందరికీ కనబడే గోడకు తగిలించండి.